ఎగువన కుంటలు తవ్వితే దిగువ కాలనీకి వరద తగ్గుతుందా?

వాగు పొంగి రెండేళ్లుగా కాలనీ మునుగుతోందని, ఎగువన ఐదారు చిన్న కుంటలు తవ్విస్తే లాభముంటుందా అని అడిగారు. ఉంటుంది. కాకపోతే ఏ వానకి, ఏ నెలలో అన్నది చూసుకోవాలి.

మాది వరంగల్ వైపు పల్లె. పైన కుంట, నడుమ ఒక చెరువు, కింద ఊరచెరువు, మూడూ గొలుసుకట్టు. పైది నిండి మత్తడి (మిగులు నీళ్లు బయటికి పోయే రాతి గోడ, అలుగు) పోస్తే ఆ నీళ్లు కిందిదాంట్లోకి దిగుతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మా పైకుంట పూడిక తీశారు. ఆ మట్టిని మేమే ట్రాక్టర్లతో చేన్లకు తోలుకున్నాం. అంతకుముందు గట్టి వాన పడితే గంటలో ఊరి ముందు కల్వర్టు మీద నీళ్లు పారేవి, బస్సు అవతలే ఆగిపోయేది. పూడిక తీసిన ఏడాది జూన్, జూలై వానలకి కల్వర్టు మునగలేదు. సెప్టెంబరులో మళ్లీ మునిగింది. అప్పటికి కుంట నిండుగా ఉంది మరి.

వరదను మింగేది కుంటలోని ఖాళీ. లెక్క వేసి చూడండి. పదెకరాల కుంటలో మీటరు లోతు ఖాళీ ఉంటే సుమారు 4 కోట్ల లీటర్లు పడతాయి. 250 ఎకరాల మీద 10 సెంటీమీటర్ల వాన కురిసి, అందులో సగం పారిందనుకుంటే 5 కోట్ల లీటర్లు. అంటే ఆ కుంట ఆ వానను దాదాపుగా ఆపేస్తుంది. 30 సెంటీమీటర్లు పడితే మాత్రం ఆపలేదు. నిండిన కుంట కూడా ఉత్తదేం కాదు. మత్తడి మీద అడుగెత్తున నీళ్లు పరుచుకుని నెమ్మదిగా దిగుతాయి కాబట్టి వరద ఒక్కసారిగా మీద పడదు. తుంగ, జమ్ము ఉన్న బురద నేలలు చేసేదీ అదే పని.

అసలు టెన్షన్ మత్తడి దగ్గరే. ఒక ఏడాది చేపలు కొట్టుకుపోకుండా మా నడిమి చెరువు మత్తడికి అడ్డంగా వల కట్టారు. వరదకి వచ్చిన గుర్రపుడెక్క, చెత్త దానికి పట్టుకుని నీళ్లు పోయే దారి మూసుకుపోయింది. అర్ధరాత్రి కట్ట మీదికి ఎక్కబోతుంటే పదిమందిమి పోయి కొడవళ్లతో వల కోశాం. ఇంకో గంట ఆగితే కట్ట తెగేది, ఆ నీళ్లతో ఊరచెరువు కట్ట కూడా పోయేది. 1908లో హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరదలో జరిగింది ఇలాంటిదే. ఆ నది పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య రాశారు. తెగిన చెరువు వరదను తగ్గించకపోగా పెంచుతుంది. అందుకే ఐదు కుంటలకు డబ్బులుంటే మూడే తవ్వి, మిగిలినవి మత్తడి రాతికట్టుకు, కట్ట గట్టితనానికి పెట్టమంటాను.

ఇంకోటి, కుంట సగం ఎత్తులో ఎప్పుడూ తెరిచి ఉండే పైపు ఒకటి పెట్టించండి. పై సగం దానంతటదే నాలుగైదు రోజుల్లో ఖాళీ అయి, తర్వాతి వానకి చోటుంటుంది. రైతులు ఒప్పుకోరు, నీళ్లు వదిలేస్తున్నారని గొడవకొస్తారు. వాళ్ల తప్పేం లేదు, యాసంగికి వాళ్లకు ఉండేవి ఆ నీళ్లే. కింది సగం మీది, పై సగం వరదది అని ముందే పెద్దమనుషుల్లో తేల్చుకోవాలి.

తవ్వే ముందు గ్రామ నక్షా తీయించండి. ఎగువన పాత కుంటలు పూడిపోయి ఉండొచ్చు, వాటిని బాగు చేయడం కొత్తవి తవ్వడం కన్నా చవక. అదే నక్షాలో మీ కాలనీ ఏ సర్వే నంబరులో పడుతుందో కూడా చూడండి. మా బంధువొకాయన ప్లాటు అలాగే చూస్తే కుంట శిఖంలో, అంటే కుంట నిండితే నీళ్లు నిలిచే నేలలో తేలింది.