మాయా నమ్మకాలతో కుటుంబం గురించి ఫాంటసీ నవల రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తండ్రితో గొడవపడి దూరమైన కొడుకు, ఆయన పోయాక పశ్చాత్తాపంతో మధ్య అమెరికాలోని మాయా జాతివాళ్ళ పాతాళంలోకి వెళ్ళే నవల రాయాలనుకుంటున్నానని, పిరమిడ్లు, నరబలులు, 2012 యుగాంతం తప్ప వాళ్ళ గురించి ఏమీ తెలియదని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. దాదాపు ఇదే కథ నేను ఆరేళ్ళుగా రాస్తున్నాను. మొదటి ప్రతి మూడు వందల పేజీలు రాసి పక్కన పెట్టేశాను. అందులో మీరు చెప్పిన మూడూ ఉన్నాయి, మనుషులే లేరు.

ముందు ఆ యుగాంతం సంగతి తీసేయండి. 2012 డిసెంబరు 21న మాయావాళ్ళ దీర్ఘ లెక్క అనే క్యాలెండర్‌లో 13వ బక్తూన్ (సుమారు 394 ఏళ్ళ కాలం) పూర్తయింది, అంతే. మన పంచాంగంలో ప్రభవ నుంచి అక్షయ దాకా 60 ఏళ్ళు తిరిగి మళ్ళీ ప్రభవ వచ్చినట్టు. మనకి అది లోకం మునిగిపోవడం కాదు కదా. అలాగే మెక్సికోలోని అజ్టెక్‌ల సూర్యశిలని తెచ్చి మాయా క్యాలెండర్ అని రాయకండి. నేను రాశాను, చదివిన స్నేహితుడు పట్టుకున్నాడు.

మొదలుపెట్టాల్సింది పొపోల్ వుహ్ దగ్గర. గ్వాటెమాలా కొండల్లోని కిచే మాయావాళ్ళ కథ అది. 1524లో స్పానిష్ సైన్యం వాళ్ళ రాజధానిని తగలబెట్టింది. తర్వాత 1550ల్లో కిచే పెద్దలు తమ భాషలోనే, రోమన్ అక్షరాల్లో దాన్ని రాసి పెట్టుకున్నారు. 1700ల మొదట్లో ఫ్రాన్సిస్కో హిమెనెస్ అనే పాద్రీ చిచికాస్తెనాంగో ఊళ్ళో దొరికిన ప్రతిని చూసి ఎత్తి రాశాడు. ఆయన రాత ఇప్పుడు షికాగోలోని న్యూబెరీ లైబ్రరీలో ఉంది, మూలప్రతి మాత్రం మిగల్లేదు. ఇంగ్లీషులో మంచి అనువాదాలున్నాయి. మొదటి నుంచి చివరిదాకా చదవండి, సారాంశాలతో సరిపెట్టుకోకండి. ఎందుకంటే మీకు కావలసింది సారాంశాల్లో ఎగిరిపోయే చిన్న చిన్న చోట్లలోనే ఉంది.

కథ క్లుప్తంగా చెబుతాను. హున్ హునాపు, వుకుబ్ హునాపు అన్నదమ్ములు. వాళ్ళు బంతాట ఆడే చప్పుడుకి పాతాళం షిబాల్బా ప్రభువులకి కోపం వచ్చి, కిందికి పిలిపించి చంపేస్తారు. హున్ హునాపు తల నరికి చెట్టుకి పెడితే, అంతవరకూ కాయని చెట్టు బుర్రకాయలు కాస్తుంది. పాతాళ ప్రభువు ఒకడి కూతురు ష్కిక్ చూడ్డానికి వస్తుంది. పుర్రె ఆమె అరచేతిలో ఉమ్ముతుంది, ఆమె కడుపుతో ఉంటుంది. తండ్రి పోయినా ముఖం పోదు, పిల్లల్లో ఉండిపోతుంది అని ఆ పుర్రె ఆమెతో అంటుంది. ఆమె పైకి వచ్చి అత్తగారు ష్ముకానె గడప తొక్కుతుంది. అత్తగారు నమ్మదు, ఒక్కటే మొక్క ఉన్న చేలోంచి వలనిండా మొక్కజొన్న కండెలు తెమ్మంటుంది. ఈ అత్తాకోడళ్ళ ఘట్టం చదువుతుంటే ఇది మన వీధిలో జరిగిందే అనిపించింది నాకు.

పుట్టిన కవలలు హునాపు, ష్బలాంకే. వాళ్ళని బాధపెట్టిన సవతి అన్నల్ని కోతులుగా మార్చేస్తారు. నాయనమ్మ ఏడుస్తుంది. సరే, పాట వాయించి పిలుస్తాం, వస్తారు, కానీ నువ్వు నవ్వకూడదు అంటారు. కోతులు గెంతుతూ వస్తాయి. ఆ ముఖాలు చూసి ముసలామె ఆపుకోలేక నవ్వేస్తుంది. వాళ్ళు పారిపోతారు. మళ్ళీ పిలుస్తారు, మళ్ళీ నవ్వుతుంది. చివరికి పిలిచినా రారు. పెంచిన మనవళ్ళని తన నవ్వుతో తనే పోగొట్టుకుంది. పశ్చాత్తాపం గురించి ఇంతకన్నా చిన్న ఘట్టం, ఇంత లోతైనది నేనెక్కడా చదవలేదు.

ఇక నన్ను పట్టుకున్న చోటు. కవలలు కిందికి వెళ్ళి షిబాల్బా ప్రభువుల్ని ఓడిస్తారు. మన కథల లెక్కన తండ్రి లేచి రావాలి. రాడు. పిల్లలు ఆయన్ని మళ్ళీ కూర్చాలని చూస్తారు. మూలంలో ఆ చోట ఉన్నది వుకుబ్ హునాపు పేరు. తండ్రీ, తండ్రి తమ్ముడూ ఇద్దరూ నాన్నలే వాళ్ళకి. చిన్నాన్న అని పిలిచే మనకి ఇది వివరించక్కర్లేదు. ముఖం పూర్వంలా కావాలంటే దానిలో ఉన్నవాటి పేర్లన్నీ ఆయనే చెప్పాలి. నోరు, ముక్కు, కళ్ళు అంటాడు. ఆపైన పెద్దగా ఏమీ చెప్పలేకపోతాడు. పిల్లలు ఆయన్ని అక్కడే, బంతాట స్థలంలోనే వదిలి, నీకు ఇక్కడ మొక్కుకుంటారు, నీ పేరు పోదు అని ఊరడించి వెళ్ళిపోతారు.

మా నాన్నకి 2017లో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. నేను హ్యూస్టన్‌లో ఉన్నాను. పొలం అమ్మే విషయంలో గొడవై అప్పటికి రెండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. ప్రాజెక్టు అవగానే వస్తానని అక్కకి చెప్పాను. మాట తెప్పించడానికి ఇంటికొచ్చే థెరపీ అమ్మాయి ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుని, తన ముఖం మీద వేలు పెట్టి "ఇదేంటి పెదనాన్నా?" అని అడిగేది. అక్క ఒకరోజు వీడియో పంపింది. నాన్న "ముక్కు" అన్నాడు. కొంచెం ఆగి "నోరు" అన్నాడు. ఆ అమ్మాయి చెవి తమ్మె పట్టుకుంది, చిన్న బంగారు దుద్దు మెరుస్తోంది. నాన్న పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఎడంచేయి కుర్చీ అంచుని పట్టుకుని వణుకుతోంది. "ఫర్వాలేదు పెదనాన్నా, రేపు చెబుదురుగాని" అందా అమ్మాయి. నేను విమానం ఎక్కేసరికి ఆయన లేడు.

ఆ వీడియో వచ్చిన ఏడాదిన్నరకి ఆ పేజీ చదివాను. పుస్తకం మూసి కారులోకి వెళ్ళి కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్ళలేదు, అలా కూర్చున్నాను, అంతే.

తర్వాత గ్వాటెమాలా వెళ్ళాను. వీలైతే మీరూ వెళ్ళండి. చిచికాస్తెనాంగోలో ఆదివారం సంత రోజు సాంతో తొమాస్ చర్చి మెట్ల మీద ఒకాయన చిల్లులు పెట్టిన డబ్బాలో కొపాల్ బంక రాజేసి ఊపుతున్నాడు, మన ఇళ్ళలో గుగ్గిలం వేసినట్టే. లోపల నేలమీద పూలరేకులు, కొవ్వొత్తులు, పోయినవాళ్ళ కోసం. మాయావాళ్ళు మాయమైపోయారని రాసేవాళ్ళని ఆ మెట్ల దగ్గర నిలబెట్టాలనిపించింది. గ్వాటెమాలాలో ఈ రోజుకీ 22 మాయా భాషలు మాట్లాడతారు.

అక్కడ 260 రోజుల లెక్క ఇంకా నడుస్తోంది. 20 రోజుల పేర్లు, 13 అంకెలు కలిపి తిరుగుతాయి. దాన్ని లెక్కపెట్టే పెద్దని అహ్‌కీహ్ అంటారు. ఎర్రటి గింజలు చేత్తో పిడికెడు తీసి కుప్పలుగా పేర్చి చెబుతారు. ఆ పేర్లలో అహ్మాక్ ఒకటి, పెద్దల ముందు తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగే రోజు. హునాపు అన్నది కూడా ఒక రోజు పేరే, ఆ రోజున పోయినవాళ్ళని తలుచుకుంటారు. 20 రోజులకోసారి వస్తుంది. మీ కథకి గడువు కావాలంటే ఇదే వాడండి, ప్రళయం కంటే మనసుకి దగ్గరగా ఉంటుంది. మనం తిథి చూసి ఆబ్దికం పెట్టే పద్ధతి తెలిసిన పాఠకుడికి వెంటనే అందుతుంది. కానీ రెంటినీ ఒకటే అని రాయకండి, ఎవరిది వాళ్ళది.

ఇంకొక్క మాట. ఆ దేశంలో 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం జరిగింది. 2 లక్షల మందికి పైగా చనిపోయారు, లేదా కనిపించకుండా పోయారు. ఎక్కువమంది మాయావాళ్ళే. ఇప్పటికీ గుంతలు తవ్వి ఎముకలు తీసి, ఎవరివో తేల్చి, పేరుతో ఇంటివాళ్ళకి అప్పగిస్తున్నారు. పేరు చెప్పడం, ముఖం కూర్చడం అక్కడ పురాణంతో ఆగిపోలేదు. మీ పాతాళాన్ని వీడియో గేమ్‌లా కట్టే ముందు ఇది మనసులో పెట్టుకోండి.

అందుకే మీ తండ్రి పాత్రని వెనక్కి తేవద్దని నా సలహా. తెస్తే అది పొపోల్ వుహ్ కథ కాదు. నా రెండో ప్రతిలో కొడుకు కిందికి వెళ్తాడు, తండ్రి ముక్కు, నోరు దాకా చెప్పి ఆగిపోతాడు. అప్పుడు కొడుకు తండ్రి చేతిని తీసుకుని తన చెవి మీద పెట్టుకుంటాడు. మా ఇంట్లో అందరివీ ఒకే రకం చెవులు, తమ్మె విడిగా వేలాడదు, చెంపకి అతుక్కుని ఉంటుంది. తండ్రి వేళ్ళు ఆ అతుకు దగ్గర ఆగి తడుముతాయి. ఆ పేజీ పదకొండుసార్లు తిరగరాశాను, ఇంకా కుదరలేదు.