కంటి చుక్కల నుంచి నేలఉసిరి దాకా: బ్రెజిల్ మొక్కల మీద మీ ప్రశ్నలు

రెండు నెలల కిందట ఇక్కడే ఉమ్మెత్త గురించి రాస్తూ, "దీనికి సరిగ్గా ఎదురు పనిచేసే ఆకు ఒకటి బ్రెజిల్‌లో ఉంది, దాని సంగతి ఇంకోసారి" అని వదిలేశాను. ఇంకోసారి దాకా మీరు ఆగలేదు. ఉత్తరాలన్నీ బ్రెజిల్ మీదే. కాకినాడలో ఉంటాను, ముప్ఫై అయిదేళ్లు ఫార్మసీ పిల్లలకు మొక్కల మందులు చెప్పాను, కానీ బ్రెజిల్ ఎన్నడూ చూడలేదు. ఆ దేశం నాకు తెలిసిందల్లా సీసాల్లో, వేళ్లలో, బెరడు ముక్కల్లో. ఆ మేరకు చెబుతాను.

మా మామగారికి 78 ఏళ్లు. గ్లకోమాకి ఏళ్ల తరబడి పైలోకార్పిన్ చుక్కలు వేసుకున్నారు. వేసుకోగానే కనుబొమ్మల దగ్గర నొప్పి, గదిలో లైటు తగ్గించినట్టుంది అనేవారు. కొత్త డాక్టరుగారు అవి మాన్పించి రాత్రిపూట ఒక్క చుక్క వేసుకునే వేరే మందు రాశారు. ఆ పాత చుక్కలు బ్రెజిల్ చెట్టువని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా మాస్టారూ? ఇన్నేళ్లూ తప్పు మందు వాడామా?
*- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం*

మీ అబ్బాయి చెప్పింది నిజమే అమ్మా. తప్పు మందు మాత్రం కాదు. ఆ చెట్టు పేరు జాబొరాండి. బ్రెజిల్ ఈశాన్యాన మరన్యావ్, పియావీ రాష్ట్రాల్లో పెరిగే పొద. ఆకు నమిలితే నోట్లో లాలాజలం ఊరి కారిపోతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది. అక్కడి మూలవాసులైన తుపీ జాతివాళ్లు దానికి పెట్టిన పేరుకే చొంగ కార్చేదని అర్థం చెబుతారు. 1870లలో కూతిన్యో అనే బ్రెజిల్ డాక్టరు ఆ ఆకుల్ని పారిస్‌కు పట్టుకెళ్లాడు. 1875లో ఫ్రాన్స్‌లో హార్డీ, ఇంగ్లండ్‌లో జెరార్డ్ ఎవరి దారిన వాళ్లు అందులోంచి పైలోకార్పిన్‌ని విడదీశారు. మరో రెండేళ్లకల్లా అది గ్లకోమాకు, అంటే మనం నీటికాసులు అనే జబ్బుకు, మందైపోయింది.

ఎలా పనిచేస్తుందో మా ల్యాబ్‌లో కుందేలు చూపించేది. ఇప్పుడు ఆ ప్రయోగం కంప్యూటర్ తెర మీదకు వెళ్లిపోయింది, మంచిదే. అప్పట్లో కుందేలుని చెక్కపెట్టెలో తల ఒక్కటీ బయటికి ఉండేట్టు కూర్చోబెట్టి, ఒక కంట్లో ఉప్పునీటి చుక్క, రెండో కంట్లో పైలోకార్పిన్ చుక్క వేసేవాళ్లం. మిల్లీమీటర్ల స్కేలు పట్టుకుని కంటిపాప కొలుస్తూ కూర్చుంటే, మందు పడిన కన్ను పెసరగింజంత అయ్యి, ఇంకాసేపటికి ఆవగింజంత అయ్యేది. మర్నాడు అట్రోపిన్ వేస్తే అదే పాప బాగా విచ్చుకునేది. అట్రోపిన్ ఉమ్మెత్త జాతి మందే. ఒకటి నోరు ఊరిస్తే ఇంకోటి ఎండగడుతుంది. ఒకటి పాపను మూస్తే ఇంకోటి తెరుస్తుంది. నేను ఎదురు అన్నది అందుకే.

మీ మామగారి కంట్లోనూ జరిగింది ఇదే. కంటి లోపలి చిన్న కండరం బిగుసుకుని, లోపలి నీరు బయటికి పోయే జల్లెడలాంటి దారిని లాగి తెరుస్తుంది, దాంతో ఒత్తిడి తగ్గుతుంది. ఆ బిగింపే కనుబొమ్మ నొప్పి. పాప చిన్నదైతే లోపలికి వెళ్లే వెలుతురు తగ్గుతుంది, అందుకే లైటు తగ్గించినట్టు అనిపించడం. శుక్లం కూడా మొదలైన పెద్దవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. పైగా రోజుకి మూడు నాలుగుసార్లు వేసుకోవాలి. రాత్రి ఒక్క చుక్కతో సరిపోయే మందులు వచ్చాక డాక్టర్లు అటు మళ్లారు. మీరు వాడిన కాలానికి అది మంచి మందే.

అయితే ఈ మందు మూలన పడిపోలేదు. తలకీ మెడకీ రేడియేషన్ తీసుకుని నోరు ఎండిపోయినవాళ్లకు మాత్రగా ఇస్తారు. చొంగ కార్చే గుణమే ఇక్కడ వరం. 2021లో అమెరికాలో చత్వారానికి కూడా పైలోకార్పిన్ చుక్కలకు అనుమతి వచ్చింది. పాప చిన్నదైతే దగ్గరి అక్షరాలు తేటగా కనిపిస్తాయి, సూది రంధ్రంలోంచి చూసినట్టు. అలాగని అటకమీది పాత సీసా దించి కళ్లజోడు మానేద్దామనుకోకండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు, రెటీనా బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం.

ఆకులో పైలోకార్పిన్ నూటికి ఒక పాలు కూడా ఉండదు. బస్తాలకు బస్తాలు కోస్తే గాని కాస్త మందు రాదు. కోసీ కోసీ ఆ పొద అడవిలో కరువైపోయి, బ్రెజిల్ ప్రభుత్వం దాన్ని అంతరించే ముప్పు ఉన్న మొక్కల జాబితాలో పెట్టాల్సి వచ్చింది.

హైదరాబాద్ రోడ్ల మీద ఫిబ్రవరి, మార్చిల్లో గులాబీ పూలు పూసే చెట్ల బెరడు క్యాన్సర్‌కి బ్రెజిల్ మందని మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. మా పిన్నికి రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. బెరడు కాచి ఇద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
*- ఒక పాఠకుడు, హైదరాబాద్*

ఇవ్వొద్దు బాబూ. ఈ పత్రిక వచ్చేదాకా ఆగకుండా నీకు విడిగా జవాబు రాశాను, మిగతావాళ్లకోసం మళ్లీ చెబుతున్నాను.

ఆ మెసేజ్‌లో చెబుతున్నది బ్రెజిల్ 'ఇపే' చెట్టు, ఊదారంగు పూలది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే టబెబుయా దానికి దాయాది, అదే చెట్టు కాదు. ఇపేలో లాపకాల్ అనే పసుపుపచ్చ పదార్థం ఉంది. చిటికెడు తీసి చాకలిసోడా నీళ్లలో వేస్తే ఎర్రబారుతుంది, అచ్చం పసుపులో సున్నం కలిపి పారాణి చేసినట్టు. ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల మీదా జంతువుల్లోనూ అది పనిచేసినట్టు కనిపించింది. 1970ల మొదట్లో అమెరికాలో మనుషులకు ఇచ్చి చూశారు. ఎంత మింగించినా రక్తంలో చాలినంత చేరలేదు. చేరేట్టు మోతాదు పెంచితే వాంతులు, పైగా రక్తం గడ్డకట్టడం ఆలస్యమయ్యింది. అంతటితో ఆపేశారు. ఇంకో సంగతి, లాపకాల్ ఎక్కువగా ఉండేది మానులో. బెరడులో దాదాపు ఉండదు. అంటే ఆ కషాయంలో గుణం వచ్చేంత ఉండదు, మిగతావి ఏమున్నాయో కాచేవాళ్లకు తెలియదు.

కీమోలో ప్లేట్‌లెట్లు పడిపోయే రోజులుంటాయి. అలాంటప్పుడు రక్తం గడ్డకట్టనివ్వదని పేరున్న దేన్నయినా దగ్గరికి రానివ్వకూడదు. గ్రూపులో ఈ ఒక్క మాట పెట్టు, చాలు. పెద్దవాళ్లు నొచ్చుకుంటే నా పేరు చెప్పు.

ఆ తరహా రసాయనాల మీద జరిగిన పరిశోధన మొత్తం వృథా పోలేదు. మలేరియాకు వాడే అటోవాక్వోన్ ఆ కుదుట్లోంచి వచ్చిందే.

1960లలో నాకు జిగట విరేచనాలు పట్టుకుంటే మా ఊరి డాక్టరుగారు రోజూ ఎమెటిన్ ఇంజెక్షన్ ఇచ్చి, మంచం దిగితే ఊరుకోనన్నారు. కడుపు జబ్బుకి మంచం దిగకపోవడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.
*- విశ్రాంత ఉపాధ్యాయులు, తెనాలి*

మీ డాక్టరుగారికి దండం పెట్టాలి మాస్టారూ, తెలిసినవాడు. ఆయన భయం మీ కడుపు గురించి కాదు, గుండె గురించి.

ఎమెటిన్ బ్రెజిల్ అడవుల్లో దొరికే ఇపెకాక్ వేరులోంచి వస్తుంది. మా పిల్లలకు ప్రాక్టికల్ పరీక్షలో ఆ వేరు ఇస్తే మూసిన కళ్లతో గుర్తుపట్టేవాళ్లు. నల్లపూసలు దగ్గర దగ్గరగా గుచ్చినట్టు ఒంటినిండా కణుపులుంటాయి. దంచితే మాత్రం వరండా దాకా అందరికీ తుమ్ములే. 1817లో పారిస్‌లో పెల్తియే, మజాందీ దాన్లోంచి ఎమెటిన్ తీశారు. వాంతి చేయించేది అని ఆ పేరుకి అర్థం. దాన్ని సూదిమందుగా అమీబా విరేచనాలకు ఇవ్వచ్చని చూపించింది మన దేశంలోనే, 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ ఒంట్లోంచి తొందరగా పోదు. రోజు రోజూ పేరుకుని గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. అందుకే పది రోజులు మించకుండా ఇచ్చేవాళ్లు, మంచం మీదే ఉంచేవాళ్లు. మెట్రోనిడజోల్ మాత్రలు వచ్చాక ఆ బాధ తప్పింది.

ఇపెకాక్ సిరప్ అని ఇంకొకటుండేది. పిల్లలు ఏదైనా మింగితే వాంతి చేయించడానికి అమెరికాలో ఇళ్లలో దాచుకునేవారు. 2003లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘమే అది ఇంట్లో ఉంచొద్దని చెప్పింది. మన ఇళ్లలో దానికి బదులు ఉప్పునీళ్లు తాగిస్తారు కదా, అదీ వద్దు. ముఖ్యంగా కిరోసిన్ తాగిన పిల్లకి వాంతి చేయించారంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా చేత్తో పట్టుకుని పిల్లతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి.

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొడుతుంది. వేళ్లు నల్లబడి తోలు ఊడిపోతోంది. ఆ జీడి నూనె మందు అని, జీడిమామిడి బ్రెజిల్ నుంచి వచ్చిందని మా సార్ చెప్పారు. మందైతే చేతులెందుకు కాలుతున్నాయి?
*- ఇంటర్ విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా*

ఈ నెల వచ్చినవాటిలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే తల్లీ.

మీ సార్ చెప్పింది నిజం. జీడిమామిడి పుట్టిల్లు ఈశాన్య బ్రెజిల్. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో మన పడమటి తీరానికి తెచ్చారు. 'కాజు' అన్నది కూడా తుపీ మాటే, పోర్చుగీసు మీదుగా హిందీలోకి వచ్చింది. మనవాళ్లు మాత్రం ఆ పేరు తీసుకోలేదు. ఎందుకో తెలుసా? మనకు అప్పటికే నల్లజీడి ఉంది, చాకళ్లు బట్టలకు గుర్తు పెట్టే గింజ. దాని రసం తగిలినా బొబ్బలే. కొత్తగా వచ్చిన పిక్క కూడా అలాగే కాల్చేసరికి, చెట్టేమో మామిడిలా ఉండేసరికి, జీడిమామిడి అన్నారు. నల్లజీడి, జీడిమామిడి, మామిడి మూడూ ఒకే కుటుంబమని వృక్షశాస్త్రం కూడా ఒప్పుకుంది.

పిక్క పెంకులో తేనెపట్టులాంటి గదులుంటాయి. వాటిలో ఉండే చిక్కటి గోధుమరంగు నూనెలో ముఖ్యమైనవి అనకార్డిక్ ఆమ్లం, కార్డోల్. వీటికి పొడవాటి కొవ్వు తోక ఉండటం వల్ల చర్మంలోకి సులువుగా దిగుతాయి. దిగాక అక్కడ పుండు పెడతాయి, కొందరికి ఎలర్జీ కూడా. సూక్ష్మక్రిముల్ని చంపే గుణం ల్యాబ్‌లో కనిపించిన మాట నిజమే. క్రిమిని చంపేదానికి మీ అమ్మ చర్మం వేరు, క్రిమి వేరు అని తెలియదు. ఇప్పటిదాకా ఆ నూనె ఎక్కువగా వెళ్తున్నది రంగుల్లోకీ, బండి బ్రేకుల్లోకీ. పులిపిర్లకు రాసుకునేవాళ్లుంటారు, మీరు రాయకండి.

అమ్మతో చెప్పు: పనికి ముందు చేతులకి నూనె పట్టించి బూడిద అద్దుకోవడం పాతకాలపు పద్ధతి, ఏమీ లేకపోవడం కన్నా నయం. గ్లోవ్స్ దొరికితే మరీ మంచిది, చిరిగితే మార్చాలి. ఆ చేత్తో కళ్లు, మొహం తుడుచుకోకూడదు. తోలు ఊడుతోందంటే చర్మం డాక్టరుకి ఒకసారి చూపించాల్సిందే. గ్లోవ్స్ ఇవ్వాల్సింది పని ఇచ్చేవాళ్లు, కొనుక్కోవాల్సింది మీ అమ్మ కాదు.

గ్వరానా మాత్రలు వేసుకుంటే చదివింది గుర్తుంటుందట. గ్రూప్-2కి చదువుతున్నాను.
*- అనంతపురం*

గ్వరానా కూడా బ్రెజిల్ మొక్కే, ఒక తీగ. దాని గింజలో ఉన్నది కెఫీన్. 1820లలో దానికి గ్వరనైన్ అని ప్రత్యేకంగా పేరు పెట్టి, తర్వాత చూసుకుంటే కాఫీలో ఉన్నదే. గింజకు గింజ కాఫీ కన్నా ఘాటు. అంత ఖరీదు పెట్టి కాఫీ తాగడం ఎందుకు తమ్ముడూ?

సావో పౌలోలో ఉద్యోగం చేస్తున్నాను. కిడ్నీలో చిన్న రాయి ఉందంటే, ఇక్కడి సంతలో ఒక ముసలావిడ 'కెబ్రా పేద్రా' అని ఎండు మొక్కల కట్ట ఇచ్చింది. చూస్తే అచ్చం మన నేలఉసిరి! మా నాయనమ్మ కామెర్లకిచ్చేది. రెండూ ఒకటేనా? కావాలంటే పొట్లం పంపిస్తాను.
*- ఒక పాఠకుడు, బ్రెజిల్*

అక్కచెల్లెళ్లు. కెబ్రా పేద్రా అంటే రాయి పగలగొట్టేది. ఆ పేరుతో అక్కడ ఒకే కుటుంబంలోని రెండు మూడు మొక్కలు అమ్ముతారు. మన చేలగట్ల మీద మొలిచే నేలఉసిరి కూడా ఎప్పుడో అమెరికా ఖండం నుంచే వచ్చిందని వృక్షశాస్త్రవేత్తల మాట. ఒకే జాతి మొక్క అక్కడ మూత్రపిండానికి, ఇక్కడ కాలేయానికి మందైంది.

రాయిని ఇది పగలగొట్టదు. సావో పౌలోలోనే చేసిన పరిశోధనల్లో తేలింది వేరే సంగతి: రాయిగా కట్టే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు మూత్రపిండం గోడకు అతుక్కోకుండా ఆపుతుందని, మూత్రంలో కాల్షియం మరీ ఎక్కువ పోతున్నవాళ్లలో దాన్ని కొంత తగ్గిస్తుందని. అంటే కొత్త రాయి కట్టకుండా కొంత ఉపయోగపడొచ్చు. ఉన్న రాయి చిన్నదైతే నీళ్లతో పాటే పోతుంది, పేరు మొక్కకొస్తుంది. నొప్పితో పాటు జ్వరం వస్తే మాత్రం కషాయం పక్కనపెట్టి ఎమర్జెన్సీకి వెళ్లండి.

కామెర్ల సంగతీ అంతే. 1988లో మద్రాసు పరిశోధకులు, నోబెల్ అందుకున్న బ్లంబర్గ్‌తో కలిసి, నేలఉసిరి ఇస్తే హెపటైటిస్-బి రోగుల్లో సగానికి పైగా వైరస్ ఆనవాలు పోయిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. మా డిపార్ట్‌మెంట్‌లో పండగే చేసుకున్నాం, టీ, పకోడీలతో. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. మామూలు కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. మీ నాయనమ్మగారి పేరు, మా అమ్మ పేరు నిలబడింది అందువల్లే.

మా అమ్మ తెల్లవారుజామున మొక్కని వేళ్లతో సహా పీకి, కడిగి, రోట్లో నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది. ఉప్పు లేని పథ్యం. మా పెద్దన్నయ్యకి కళ్లు పచ్చబడితే మూడు వారాలు అదే. అప్పటికే ఫార్మసీ పాఠాలు చెబుతున్న నేను పక్కనే ఉండి నోరెత్తలేదు. ఒళ్లంతా దురద, మలం సున్నంలా తెల్లగా పోతోందని వదిన చెప్పాక గాని నాకు బుర్ర వెలగలేదు. స్కాన్ తీస్తే పిత్తనాళంలో రాయి అడ్డం. ఆపరేషన్ చేయించాం, బతికాడు. మలం తెల్లబడిన కామెర్లకు ఏ ఆకూ పనిచేయదు.

పొట్లం పంపకండి, కస్టమ్స్‌తో తలనొప్పి. ఫోటో పంపండి చాలు. కొమ్మని వెల్లకిలా తిప్పి, ఆకుల కింద వరుసగా వేలాడే ఆ బుల్లి కాయలు కనిపించేట్టు తీయండి. కాయ నున్నగా ఉందో గరుకుగా ఉందో గోటితో తడిమి రాయండి. గరుకుగా ఉంటే ఆవిడ మీకిచ్చింది మా అమ్మ నూరిన మొక్క కాదు.