పీహెచ్‌పీ ఇంటర్వ్యూలో ‘డై’ అంటే సరిపోదు

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. పీహెచ్‌పీలో మార్కుల నమోదు ప్రాజెక్టు చేశాను. ‘నీ కోడ్ నుంచి సొంత ఎర్రర్ ఎలా ఇస్తావు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే ‘డై’ (స్క్రిప్టును అక్కడికక్కడే ఆపేసే ఆదేశం) అని చెప్పాను. ఇంకేమీ అడగకుండా పంపేశారు. చాలా టెన్షన్‌గా ఉంది. పీహెచ్‌పీ వదిలేసి పైథాన్ నేర్చుకోమంటారా?

జవాబు: వదలొద్దు. పైథాన్‌కు వెళ్లినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. వెబ్‌సైట్లు తయారు చేసే వర్డ్‌ప్రెస్, లారావెల్ రెండూ పీహెచ్‌పీ మీదే నడుస్తున్నాయి కాబట్టి మీరు నేర్చుకున్నది వృథా కాదు.

మీ ప్రాజెక్టునే తీసుకోండి. ఒక క్లాసు మార్కుల ఫైలు అప్‌లోడ్ చేస్తుంటే 12వ వరుసలో వందకు 105 అని పడిందనుకుందాం. అక్కడ డై ఉంటే స్క్రిప్టు ఆగిపోతుంది, మిగతా విద్యార్థుల మార్కులు ఎక్కవు. తప్పు ఉందని చెప్పడం వరకే ఫంక్షన్ పని. పూర్తిగా ఆపేయాలా, ఆ ఒక్క వరుస పక్కన పెట్టి ముందుకెళ్లాలా అన్నది దాన్ని పిలిచిన కోడ్ తేల్చుకోవాలి. డై ఆ అవకాశమే ఇవ్వదు.

కాబట్టి పీహెచ్‌పీలో తప్పును తెలపడానికి ఉన్న ఎక్సెప్షన్ క్లాసును ఎక్స్‌టెండ్ చేసి సొంత క్లాసు రాయండి. హాల్ టికెట్ నంబరు, తప్పుగా పడిన మార్కు అందులోనే ఉంచి త్రో చేయండి, అంటే పిలిచిన కోడ్‌కు పంపండి. లూప్ లోపల ఆ తప్పును పట్టుకునే ట్రై, క్యాచ్ పెడితే 13వ వరుస మామూలుగా సాగిపోతుంది. డేటాబేస్ ఎర్రర్‌ను పట్టుకుని మీ ఎక్సెప్షన్‌గా మార్చేటప్పుడు మాత్రం పాత ఎర్రర్‌ను ఎక్సెప్షన్ కన్‌స్ట్రక్టర్‌కు మూడో ఆర్గ్యుమెంటుగా పంపండి. లేదంటే అసలు కారణం లాగ్‌లో దొరకదు. ఫ్రెషర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ట్రిగర్ ఎర్రర్ (ఎర్రర్ సందేశం ఇచ్చే పీహెచ్‌పీ ఫంక్షన్) గురించి కూడా అడగవచ్చు. లెవెల్ ఇవ్వకపోతే అది ఉత్త నోటీసే, స్క్రిప్టు ఆగదు. యూజర్ ఎర్రర్ లెవెల్ ఇచ్చి ఆపే పద్ధతిని 2024లో వచ్చిన పీహెచ్‌పీ 8.4 వెర్షన్‌లో డెప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దన్నారు. పాత పాఠాలు చూసి దాన్నే బట్టీ పట్టకండి. ఇంకో మాట: 2015లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి టైప్ ఎర్రర్ లాంటివి ఎక్సెప్షన్ కిందికి రావు, ‘ఎర్రర్’ అనే వేరే క్లాసు కిందికి వస్తాయి. రెండు రకాలూ పట్టుకోవాలంటే క్యాచ్‌లో త్రోయబుల్ అని రాయాలి.

ఈ మార్పులన్నీ మీ ప్రాజెక్టులో చేసి గిట్‌హబ్‌లో పెట్టండి, లింకు రెజ్యూమెలో ఇవ్వండి. ఈసారి అడిగితే ఆ 12వ వరుస సంగతే వివరించండి.