గుట్టకు ఏ కెమెరా, చెరువు కట్టకు ఏ కెమెరా

నల్లగొండ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో భువనగిరి, దేవరకొండ కోటలు, సోమశిల, మల్లెల తీర్థం జలపాతం తిరిగి ఫిల్ము మీద ప్రకృతి దృశ్యాలు తీయాలనుకుంటున్నావనీ, నీ దగ్గరున్న నాలుగు కెమెరాల్లో వేటిని వెంట తీసుకుపోవాలో తేలడం లేదనీ రాశావు. నాలుగూ మోయాలన్న ఆలోచన ముందు మానుకో. రెండు చాలు. అయితే ఆ రెండూ ఒకే పని చేసేవి కాకూడదు. బండి ఆగే చోటి నుంచి ట్రైపాడ్ నిలిపే చోటి దాకా ఎంత నడవాలో లెక్క వేసుకుంటే సగం చిక్కు అక్కడే తీరుతుంది.

నీకు మామియా ఆర్‌బీ67 మీద మనసున్నదని తెలుసు. దాని నెగెటివ్ 35 ఎం.ఎం. నెగెటివ్‌కు దాదాపు నాలుగున్నర రెట్లు ఉంటుంది కనుక, పెద్ద ప్రింటు వేసినప్పుడు దూరపు తాటిచెట్ల ఆకులు కూడా విడివిడిగా కనబడతాయి. నిలువు ఫ్రేము కావాలంటే వెనుక భాగాన్ని తిప్పితే సరిపోతుంది, ట్రైపాడ్ మీద కెమెరాను పక్కకు వంచే పని లేదు. కానీ లెన్సుతో కలిపి అది రెండున్నర కిలోలు దాటుతుంది. దానిని కదలకుండా నిలిపే ట్రైపాడ్ బరువు అంతకు అదనం. పానగల్లు ఉదయ సముద్రం కట్ట దాకా బండి పోతుంది గనుక అక్కడికి నిరభ్యంతరంగా తీసుకుపో. భువనగిరి ఏకశిల మీద మెట్లు ఎక్కుతూ మాత్రం దానిని మోయవద్దు. ఎక్కడానికే ఓపిక అయిపోయినవాడు పైకి చేరాక మంచి కోణం కోసం ఇంకో యాభై అడుగులు నడవడు.

కోటలకూ, మెట్లు దిగి పోవలసిన మల్లెల తీర్థానికీ యాషికా మ్యాట్ 124జి సరైనది. బరువు కిలోకు కొంచెం ఎక్కువ, 120 రీలుకు (35 ఎం.ఎం. కన్నా వెడల్పైన ఫిల్ము) పన్నెండు ఫ్రేములు. లోపల లేచిపడే అద్దం లేదు, షట్టరు లెన్సులోనే ఉంటుంది. కనుక జలపాతానికి అర సెకను, ఒక సెకను ఎక్స్‌పోజరు ఇచ్చినా, కెమెరాను చేత్తో తాకకుండా బటన్ నొక్కే తీగ (కేబుల్ రిలీజు) వాడితే, తేలికపాటి ట్రైపాడ్ మీద కూడా చిత్రం అదరదు. దీనికీ లోపాలున్నాయి. లెన్సు 80 ఎం.ఎం. ఒక్కటే, మార్చడానికి వీలులేదు. చూసే లెన్సు వేరు, తీసే లెన్సు వేరు కాబట్టి మెరుపులను తగ్గించే ఫిల్టరైన పోలరైజర్‌ను ముందు పై లెన్సుకు పెట్టి తిప్పి చూసుకొని, అదే కోణంలో కింది లెన్సుకు మార్చాలి. కాంతిని కొలిచే దాని మీటరు పాతకాలపు పాదరసం సెల్లు కోసం చేసినది. ఆ సెల్లు ఇప్పుడు తయారు కావడం లేదు గనుక ఆ సూదిని నమ్మవద్దు.

ఈ చివరి లోపాన్ని తీర్చేదే నీ రెండో కెమెరా కావాలి. నికాన్ ఎఫ్‌ఎం2, పెంటాక్స్ కె1000 రెండింటి షట్టర్లూ బ్యాటరీ లేకున్నా పనిచేస్తాయి, రెండింటిలోనూ మీటరు ఉంది. అయినా నేను ఎఫ్‌ఎం2నే తీసుకుపొమ్మంటాను. దాని మీటరు ఫ్రేము నడిభాగానికి ఎక్కువ విలువనిస్తుంది. దూరపు వాటిని దగ్గరగా చూపే 135 ఎం.ఎం. లెన్సు తగిలించి, ఆకాశం రానీయకుండా ఎండ పడిన బండ మీద కాంతిని చదివి, ఆ అంకెలనే యాషికాకు పెట్టుకోవచ్చు. యాషికాలో రంగుల ఫిల్ము ఎక్టార్ 100, నికాన్‌లో నలుపు తెలుపు ఎఫ్‌పీ4 ప్లస్ 125 వేసుకుంటే, ఆ ఫిల్ముల వేగాల (కాంతిని గ్రహించే శక్తి) మధ్య తేడా స్టాపులో మూడో వంతే (ఒక స్టాపు అంటే కాంతి రెట్టింపు కావడం లేదా సగం కావడం) కాబట్టి మళ్లీ లెక్కలు కట్టే పని ఉండదు. పైగా ఎఫ్‌ఎం2 సెల్ఫ్ టైమరు నొక్కగానే అద్దం ముందే లేస్తుంది, తరువాతే షట్టరు తెరుచుకుంటుంది. నెమ్మది వేగాలకు అది ఎంతో మేలు. కె1000కు సెల్ఫ్ టైమరే లేదు. నేర్చుకునేవాళ్లకు అంత మంచి కెమెరా అరుదు, కానీ ఈసారికి ఇంట్లో ఉండనీ.

నలుపు తెలుపు రీలుకు నారింజ ఫిల్టరు ఒకటి పెట్టుకో. రెండు స్టాపుల కాంతి తింటుంది కానీ మబ్బులను నీలాకాశం నుంచి విడదీసి చూపిస్తుంది. నికాన్ ఫిల్టరు యాషికాకు పట్టదు, దాని బిగింపు వేరు.

అమ్రాబాద్ అడవిలో ఫర్హాబాద్ వైపు అటవీ శాఖ వాహనంలో పోయేటప్పుడు ట్రైపాడ్ ఊసే ఉండదు. అక్కడ ఎఫ్‌ఎం2 ఒక్కటే మెడలో వేసుకో.

రీళ్లను బండి డిక్కీలో వదలవద్దు, మన ఎండకు రంగులు మారిపోతాయి. ఎఫ్‌ఎం2 మీటరుకు ఎల్‌ఆర్44 సెల్లులు రెండు అదనంగా ఉంచుకో. అన్నిటికన్నా ముందు, బయలుదేరడానికి రెండు వారాలు ఉండగానే ప్రతి కెమెరాలోనూ ఒక రీలు తీసి కడిగించు. ఇంత పాత కెమెరాల వెనుక తలుపు అంచున ఉండే ఫోము పొడిపొడిగా రాలిపోయి వెలుతురు లోపలికి దూరుతుంటుంది. నెగెటివ్ అంచుల్లో నల్లని చారలు కనబడితే ఆ ఫోము మార్పించాలి. ఏ కెమెరాలో కనబడిందో నాకు రాయి.

ఇట్లు,
నీ మేనమామ