ప్రొటీన్ పొడి ఇంట్లో చేసుకుంటే నెలకు నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రశ్న: మాది అనంతపురం. ఇంటికి నెలకు 42,000 వస్తుంది. మా అబ్బాయికి 23 ఏళ్లు, బరువు 65 కిలోలు, రోజూ జిమ్‌కు పోతాడు. మేం మాంసం, గుడ్డు తినం. వాడి కోసం నెలకో కిలో ప్లాంట్ ప్రొటీన్ టిన్ను 2,400 పెట్టి కొంటున్నాం. అందులో 30 స్కూపులు, స్కూపుకు 24 గ్రాముల ప్రొటీన్ అని రాసి ఉంది. ఇంట్లో చేస్తే కిలో 150 లోపే అవుతుందని నా భార్య అంటోంది. ఇక్కడ పుట్నాలు కిలో 120, సోయా గింజలు 100, శెనక్కాయ విత్తనాలు 160, నువ్వులు 200 ఉన్నాయి. దీనికోసం 6,500 పెట్టి పెద్ద మిక్సీ కొనాలా? గానుగ దగ్గర శెనక్కాయ చెక్క చవగ్గా దొరుకుతుంది, కలపొచ్చా? మిగిలే డబ్బు సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేసే పద్ధతి) వేయాలా, 9.5 శాతం వడ్డీకి తీసుకున్న 40,000 గోల్డ్ లోనుకు కట్టాలా?

జవాబు: మీ ఇంటావిడ చెప్పిన లెక్క తప్పు కాదు, కానీ అది కిలోకు కిలో లెక్క. టిన్నులో పొడిని, ఇంట్లో పొడిని కిలోల్లో పోల్చకూడదు. మీరు డబ్బు పెడుతున్నది ప్రొటీన్‌కు. కాబట్టి గ్రాము ప్రొటీన్ ఎంత పడుతుందో చూడాలి.

టిన్నులో 30 స్కూపులు, స్కూపుకు 24 గ్రాములు, మొత్తం 720 గ్రాములు. 2,400 ను 720 తో భాగిస్తే గ్రాము 3 రూపాయల 33 పైసలు.

ఇంటి పొడికి నేను చెప్పే పాళ్లు ఇవి: పుట్నాలు అర కిలో, సోయా గింజలు 300 గ్రాములు, శెనక్కాయ విత్తనాలు 150, నువ్వులు 50. మీరు రాసిన ధరల్లో వరసగా 60, 30, 24, 10, మొత్తం 124. గ్యాసు, కరెంటు కలిపి 140 అనుకుందాం. ఏరివేత, సోయా తొక్కు పోగా పొడి 950 గ్రాముల దాకా వస్తుంది. నూటికి పుట్నాల్లో సుమారు 22, సోయాలో 36, శెనక్కాయల్లో 25, నువ్వుల్లో 18 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. తరుగు తీసేస్తే మొత్తం 250 గ్రాములు. గ్రాము 56 పైసలు.

అంటే టిన్నులో ఒక స్కూపుకు సమానం కావాలంటే ఇంటి పొడి 90 గ్రాములు తాగాలి. నెలకు మీరు దాదాపు మూడుసార్లు ఈ కొలతలతో చేసుకోవాలి. ఖర్చు 140 కాదు, 400. మిగిలేది నెలకు 2,000. ఇదీ అసలు అంకె. 42,000 ఆదాయంలో ఇది చిన్న మొత్తమేమీ కాదు.

ఇంకో తేడా కూడా తెలిసే మొదలుపెట్టండి. టిన్ను పొడి కోసం ఫ్యాక్టరీలో బఠాణీ లాంటి గింజల నుంచి పిండిపదార్థం, పీచు తీసేసి ప్రొటీన్ మాత్రం వేరు చేస్తారు. అది మన వంటింట్లో అయ్యే పని కాదు. మన పొడిలో పిండి, నూనె, పీచు అన్నీ ఉంటాయి. 90 గ్రాములంటే 380 క్యాలరీల దాకా పోతుంది, ఒక పూట ఫలహారంతో సమానం. అందుకే దాన్ని ఉన్న తిండి మీద అదనంగా పోయకుండా సాయంత్రం బజ్జీల బదులు ఇవ్వండి. అబ్బాయి ఒళ్లు తగ్గాలనే జిమ్‌కు పోతుంటే ఈ పొడి 45 గ్రాములు చాలు, మిగతాది పప్పు, పెరుగు నుంచి రానివ్వండి. 2020లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన మోతాదు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాము. 65 కిలోలకు 54 గ్రాములు. రోజంతా తినే బియ్యం, రాగులు కలిపి 300 గ్రాములు, కందిపప్పు 60 గ్రాములు, పాలూ పెరుగూ 400 మిల్లీలీటర్లు ఉంటే 47 గ్రాముల దాకా అక్కడే వచ్చేస్తుంది. బరువులెత్తేవాళ్లకు ఇంకొంచెం కావాలన్నది నిజమే, కానీ టిన్ను ఆపినంత మాత్రాన పిల్లవాడు నీరసించిపోడు. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని అదే సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది కూడా.

ఇక తయారీ. ఇక్కడ పొరపాటు జరిగితే 124 రూపాయల సరుకు పారబోసి మళ్లీ టిన్ను కొంటారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

సోయాతోనే అసలు పని. పచ్చి సోయాలో ప్రొటీన్‌ను అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, బాగా ఉడికితేనే అవి పోతాయి. 8 గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కుక్కర్లో మూడు విజిళ్లు రానివ్వండి. చల్లారాక చేత్తో నలిపితే తొక్కు ఊడి వస్తుంది. పల్చటి బట్ట మీద పరిచి ఎండబెట్టండి. మన అనంతపురం ఎండకు ఒక రోజు చాలు. మబ్బు పట్టిన రోజు మాత్రం పెట్టుకోవద్దు, రాత్రికల్లా జిగురు పట్టి పులిసిపోతాయి. ఎండిన బద్దలను సన్నని సెగ మీద 15 నిమిషాలు వేయించండి. ఒకటి పంటికింద పెడితే పటుక్కున విరగాలి. మెత్తగా సాగితే లోపల తడి ఉన్నట్టే, ఆ పొడి వారంలో బూజు పడుతుంది.

శెనక్కాయ విత్తనాలను వేయించకముందే పళ్లెంలో పోసి వెలుతురులో ఏరండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, పచ్చటి బూజు ఉన్నవి, పురుగు తొలిచినవి తీసేయాలి. కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేస్తే పంటకు ఒక బూజు పడుతుంది, అది వదిలే విషం అఫ్లటాక్సిన్. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయిస్తే పూర్తిగా పోదు. మన జిల్లాలో అలాంటి ఏళ్లు ఎన్నో మీకు తెలుసు. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. గానుగ ఆడినప్పుడు ఆ విషం నూనెలోకి పోయేది తక్కువ, ఎక్కువ భాగం చెక్కలోనే నిలుస్తుంది. చెక్కలో ప్రొటీన్ శాతం ఎక్కువన్న మాట నిజమే. కానీ ఏరని విత్తనాలతో ఆడిన చెక్కను, పశువుల దాణాగా మూటకట్టిన దాన్ని మనిషికి పెట్టకూడదు. చవక కోసం దాని జోలికి దయచేసి పోవద్దు.

ఏరిన విత్తనాలను సన్నని సెగన 12 నిమిషాలు వేయించి పొట్టు తీయండి. నువ్వులు చిటపటలాడగానే దించేయాలి. పప్పుల్లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, నువ్వుల్లో బాగా ఉంటుంది, అందుకే ఆ 50 గ్రాములు. పుట్నాలు ముందే వేగినవి కాబట్టి చెమ్మ పోయేలా నాలుగు నిమిషాలు వెచ్చబెడితే చాలు.

అన్నీ పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయండి. వేడి మీద పడితే ఆవిరి పట్టి పొడి ఉండలు కడుతుంది. శెనక్కాయలను విడిగా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. గుప్పెడు శెనక్కాయలకు మూడు గుప్పెళ్ల పుట్నాలు కలిపి, 20 సెకన్లు తిప్పి ఆపుతూ పోతే నూనెను పుట్నాలు పీల్చుకుంటాయి. ఉగ్గాణిలోకి పప్పుల పొడి కొట్టుకునే ఇంట్లో ఇది కొత్త విద్యేమీ కాదు. ఒక విడతకు 200 గ్రాములు మించకుండా వేస్తే ఇంట్లో ఉన్న 750 వాట్ల మిక్సీ సరిపోతుంది. 6,500 పెడితే మూడు నెలల పైచిలుకు ఆదా దానికే పోతుంది, కొనొద్దు. పిండి మిషన్‌కూ వేయకండి. నూనె గింజలు రాళ్లకు అంటుకుంటాయి, పైగా మీ ముందు పట్టిన మిరపకాయల ఘాటు ఇందులో దిగుతుంది.

జల్లెడ పట్టి తడి లేని స్టీలు డబ్బాలో పెట్టుకోండి. నూనె గింజలు ఉన్నాయి కాబట్టి 15 రోజులకు మించి నిల్వ వద్దు, ఎండాకాలం ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్కవాసన వస్తే పారేయడమే. చక్కెర కలిపితే ప్రొటీన్ వంతు తగ్గుతుంది, తీపి కావాలంటే తాగేటప్పుడు కాస్త బెల్లం వేసుకోవచ్చు. 90 గ్రాములూ ఒకే గ్లాసులో కలిపితే సంగటిలా గట్టిపడుతుంది, రెండు పూటలా సగం సగం మజ్జిగలోనో పాలలోనో ఇవ్వండి. మొదటి వారం 20 గ్రాములతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపు ఉబ్బుతుంది. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉంటే, థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు.

మీరు రాసిన సరుకుల్లో మీల్ మేకర్ లేదు. 100 గ్రాముల్లో 50 గ్రాముల పైన ప్రొటీన్ ఉంటుంది. కొట్టులో దాని ధర అడిగి, ప్యాకెట్ మీది ప్రొటీన్ గ్రాములతో భాగించండి. 56 పైసల కన్నా తక్కువ వస్తే వారానికి రెండు రోజులు ఆ కూర వండి, ఆ పూట పొడి మానేయండి.

ఇక డబ్బు సంగతి. మొదటి నెల సగం కొలతతో చేసి చూడండి, ఆ నెల ఆదా లెక్కలోకి తీసుకోవద్దు. పిల్లవాడు రుచి నచ్చక వదిలేస్తే పొడి ఖర్చు, టిన్ను ఖర్చు రెండూ మీద పడతాయి. వాడు నెలంతా తాగాడంటే రెండో నెల నుంచి జీతం పడిన రోజే 2,000 పక్కకు తీయండి. తీయకపోతే ఆ డబ్బు కూరగాయల్లోనో పెట్రోల్లోనో కలిసిపోతుంది.

ఆ 2,000 సిప్‌లోకి కాదు, గోల్డ్ లోనుకే. 9.5 శాతం వడ్డీ తప్పడమంటే పన్ను లేకుండా అంత రాబడి ఖాయంగా వచ్చినట్టు. సిప్‌లో అంతకన్నా ఎక్కువ రావచ్చు, రాకనూ పోవచ్చు, నగలు మాత్రం బ్యాంకులోనే ఉంటాయి. నెలనెలా 2,000 కడుతూ పోతే 40,000 అసలు, వడ్డీతో సహా 22 నెలల్లో తీరుతుంది. ఆ తర్వాత అదే తేదీకి అదే 2,000 తో సిప్ మొదలుపెట్టండి.

కట్టే ముందు బ్యాంకులో రెండు మాటలు అడగండి: మధ్యలో కొంచెం కొంచెంగా కట్టనిస్తారా, కట్టినదాంట్లో అసలుకు ఎంత పోతుంది అని. సాధారణంగా ముందు పేరుకున్న వడ్డీకి జమచేసుకుని, మిగిలిందే అసలులో తగ్గిస్తారు. మొదటి వాయిదా కట్టేలోపే పాత వడ్డీ తీర్చేస్తే మీ 2,000 లో ఎక్కువ భాగం అసలుకు చేరుతుంది. ప్రతిసారీ రసీదులో అసలు, వడ్డీ విడివిడిగా పడ్డాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకుని రండి.