పంక్ ఫ్యాన్‌జైన్లు సంకలన రికార్డులు ఎందుకు తెచ్చేవి?

ఎంత బాగా రాసినా పాట కాగితం మీద వినిపించదు కదా, అందుకే. 1980ల మొదట్లో అమెరికాలోని హార్డ్‌కోర్ (మరింత వేగంగా, గట్టిగా సాగే పంక్ రాక్) బృందాలను పెద్ద రికార్డు కంపెనీలు పట్టించుకోలేదు. అభిమానులే రాసి, కత్తిరించి అంటించి, జిరాక్స్ తీసి పంచుకున్న ఫ్యాన్‌జైన్లే వాటికి దిక్కయ్యాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ‘మాగ్జిమమ్ రాక్‌అండ్‌రోల్’ అనే ఫ్యాన్‌జైన్ కథ. ఉత్తర కాలిఫోర్నియా, నెవాడా ప్రాంతాల 47 బృందాల పాటలతో 1982లో రెండు ఎల్‌పీల సంకలనాన్ని ఆల్టర్నేటివ్ టెంటకిల్స్ అనే స్వతంత్ర రికార్డు కంపెనీ విడుదల చేసింది. ఊరు దాటి పేరు తెలియని కుర్రాళ్లకు అది ఎంత పెద్ద అవకాశం! కవరులో రికార్డులతో పాటు ఆ బృందాల వివరాలతో న్యూస్‌ప్రింట్ పుస్తకం ఒకటి ఉండేది. పత్రిక తొలి సంచిక అదే.

అమెరికాలోనే ఒలింపియా నగరంలో బ్రూస్ పావిట్ 1980లో మొదలుపెట్టిన ‘సబ్ పాప్’ ఫ్యాన్‌జైన్ అయితే కొన్ని సంచికలను ఏకంగా క్యాసెట్లుగానే తెచ్చింది. తర్వాత రికార్డు కంపెనీగా మారింది.