సాకెట్ కోడ్ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

లినక్స్ కోసం రాసిన సాకెట్ కోడ్‌ను, అంటే నెట్‌వర్క్‌లో డేటా పంపి అందుకునే కోడ్‌ను, విండోస్‌కు మార్చడంపై నువ్వు పంపిన వ్యాసం చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. సగానికి పైగా హెడర్ ఫైళ్ల గురించి, విండోస్‌లో సాకెట్లు వాడే ముందు డబ్ల్యూఎస్ఏస్టార్టప్ ఫంక్షన్‌ను పిలవడం గురించి ఉంది. వాటికి ఒక్క పేరా చాలు. ఆ పిలుపు మరిచిపోతే 10093 అనే ఎర్రరే వచ్చి చెబుతుంది. పాఠకుడికి నిద్ర లేకుండా చేసేవి కంపైలర్ కిమ్మనకుండా వదిలేసిన తేడాలు, వ్యాసానికి అసలు సరుకు అవే.

నేనూ ఒకసారి ఆ గోతిలో పడ్డాను. రిసీవ్ టైమవుట్‌ను, అంటే డేటా కోసం ఎదురుచూసే గడువును, 5 సెకన్లుగా పెట్టిన ప్రోగ్రామ్ విండోస్‌లో డేటా రాకముందే చేతులెత్తేసేది. ఫైర్‌వాల్‌ను అనుమానిస్తూ రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఆ ఆప్షన్‌కు లినక్స్‌లో సెకన్లు, మైక్రోసెకన్లు విడివిడిగా ఉండే టైమ్‌వాల్ స్ట్రక్చర్‌ను ఇస్తాం, విండోస్ మాత్రం అక్కడ మిల్లీసెకన్లలో ఒకే పూర్ణాంకం ఉందనుకుంటుంది కాబట్టి, స్ట్రక్చర్ మొదట్లో కనిపించిన 5ను 5 మిల్లీసెకన్లుగా తీసుకుంది. ఆ ఆప్షన్‌ను పెట్టే సెట్‌సాక్‌ఆప్ట్ ఫంక్షన్ మాత్రం ఏమీ ఎరగనట్టు, అంతా సవ్యమేనన్న అర్థంలో, సున్నాయే తిరిగి ఇచ్చింది.

నాన్‌బ్లాకింగ్ కనెక్ట్ (కనెక్షన్ పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే తిరిగొచ్చే పిలుపు) గురించి నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు. అక్కడ ఆగు. ప్రయత్నం సాగుతోందని లినక్స్ ఈఇన్‌ప్రోగ్రెస్ అనే ఎర్రర్‌తో తెలిపితే, విండోస్ 10035 అనే ఎర్రర్‌తో తెలుపుతుంది. పైగా ఆ ప్రయత్నం విఫలమైతే లినక్స్‌లో సెలెక్ట్ (ఏ సాకెట్ సిద్ధమైందో చెప్పే ఫంక్షన్) రైట్ సెట్‌లో, అంటే రాయడానికి సిద్ధమైన సాకెట్ల జాబితాలో, చూపిస్తుంది గానీ, విండోస్‌లో ఎక్సెప్షన్ సెట్ అనే వేరే జాబితాలో చూపిస్తుంది. రైట్ సెట్‌ను మాత్రమే చూసే కోడ్, టైమవుట్ పెట్టకపోతే, అలాగే ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

‘ఎర్రర్ వచ్చింది’ అని ఎక్కడా రాయకు. ఏ ఫంక్షన్‌ను పిలిచినప్పుడు, ఎంత విలువ తిరిగి వచ్చి, ఏ ఎర్రర్ నంబర్ కనిపించిందో రాయి. ఆ నంబర్‌ను పిలుపు ముగిసిన మరుక్షణమే ఒక వేరియబుల్‌లో దాచాలని కూడా చెప్పు. మధ్యలో లాగ్ ఫంక్షన్ దూరితే అది చెరిగిపోవచ్చు. విండోస్‌లో సాకెట్ తప్పులు ఎర్‌నోలో (ఎర్రర్ నంబర్ ఉండే వేరియబుల్‌లో) కనిపించవు కనుక, దాన్ని చూసి సందేశం ముద్రించే, నీ ఉదాహరణలోని పీఎర్రర్ అక్కడ ఉపయోగపడదు, మార్చు.

మ్యాక్‌ఓఎస్ మీద రాసిన చివరి భాగాన్ని ప్రస్తుతానికి తీసేయి. వచ్చిన కనెక్షన్‌ను స్వీకరించే యాక్సెప్ట్ ఫంక్షన్ ఇచ్చే కొత్త సాకెట్‌కు నాన్‌బ్లాకింగ్ లక్షణం అక్కడ వారసత్వంగా వస్తుంది, లినక్స్‌లో రాదు. దాన్ని సరిగ్గా చెప్పాలంటే మరో వ్యాసమే రాయాలి.